ఎవరి స్వేచ్ఛ వాళ్లదేనా?

ఆగస్టు సంచిక కదా అని, ఈసారి స్వేచ్ఛ గురించి మీకున్న సందేహాలు రాయమన్నాం. ఉత్తరాలు, మెయిళ్లు చాలానే వచ్చాయి. తిప్పి తిప్పి చాలామంది అడిగింది ఒకటే: ఒక దేశంలో హక్కు అయింది పక్క దేశంలో నేరం ఎట్లా అవుతుంది? కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న ఇది. అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

ప్రశ్న: మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడు, మేనల్లుడు న్యూజెర్సీలో. ఫ్యామిలీ గ్రూపులో ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. "మా దగ్గర ఎవరేమన్నా మాట్లాడొచ్చు, మీ జర్మనీలో మాటకే జైలు" అంటాడు మేనల్లుడు. "మా దగ్గర షాపులో పనిచేసే మనిషికి ఆదివారం గ్యారంటీ, మీకుందా ఆ స్వేచ్ఛ" అంటాడు మావాడు. ఎవరిది కరెక్టు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారండీ. ఇద్దరూ ఉంటున్న దేశాల భయాలు వేరు, అంతే.

మేనల్లుడి వైపు నుంచి చూద్దాం. 1977లో చికాగో పక్కన స్కోకీ అనే ఊళ్లో నాజీ యూనిఫాంలు వేసుకుని ఊరేగింపు తీస్తామని అక్కడి ఒక చిన్న నాజీ పార్టీ బయల్దేరింది. హిట్లర్ క్యాంపుల నుంచి ప్రాణాలతో బయటపడ్డ యూదులు చాలామంది కాపురముంటున్న ఊరది. ఊరివాళ్లు అడ్డుకున్నారు. కేసు కోర్టులకెక్కింది. చివరికి కోర్టులు నాజీల హక్కునే నిలబెట్టాయి. వాళ్ల తరఫున వాదించిన లాయరు స్వయంగా యూదుడు. వాళ్ల మాట ఆయనకి అసహ్యం, కానీ ఎవరు మాట్లాడొచ్చో ప్రభుత్వం తేల్చడం ఆయనకి అంతకన్నా పెద్ద ప్రమాదంగా కనిపించింది. బ్రిటిష్ రాజుని ఎదిరించి పుట్టిన దేశం కాబట్టి, రాజ్యాంగానికి 1791లో చేసిన మొదటి సవరణలోనే, మాటకి అడ్డురాకుండా ప్రభుత్వం చేతులు కట్టేశారు. నాజీలు ఆఖరికి స్కోకీకి వెళ్లలేదు, చికాగోలో సభ పెట్టుకున్నారు.

అదే యూనిఫాం వేసుకుని మ్యూనిక్‌లో వీధిలోకి వస్తే పోలీసులు తీసుకుపోతారు. స్వస్తిక గుర్తుని ప్రచారానికి వాడినా, యూదుల ఊచకోత జరగనే లేదని బహిరంగంగా అన్నా నేరమే. వాళ్ల అనుభవం అలాంటిది. 1933కి ముందు నాజీలు సభలు పెట్టి, పత్రికలు నడిపి, ఎన్నికల్లో పోటీచేసి, ఉన్న స్వేచ్ఛలన్నీ వాడుకునే గద్దె దాకా వచ్చారు. వచ్చాక ఆ స్వేచ్ఛలన్నీ రద్దు చేశారు. అందుకే 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు మొట్టమొదటి ఆర్టికల్‌లో మనిషి గౌరవానికి భంగం కలగకూడదని రాసుకున్నారు. వాక్ స్వాతంత్ర్యం ఆ తర్వాత ఐదో ఆర్టికల్‌లో, హద్దులతో సహా వచ్చింది.

ఒక సమాజం స్వేచ్ఛ అని దేన్ని అంటోందో తెలియాలంటే, వాళ్ల దగ్గర ఒకప్పుడు ఏం లాక్కున్నారో, ఎవరు లాక్కున్నారో చూడాలి. మిగతా ప్రశ్నలకి కూడా నేను ఈ దారినే పోతాను.

ద్వేషాన్ని రెచ్చగొట్టే మాటల విషయంలో నాకు జర్మనీ దారే నచ్చుతుంది. అయితే మాటకి హద్దు గీసే అధికారం ఇస్తే ఏ ప్రభుత్వమైనా ఆ గీతని తనవైపు జరుపుకుంటూనే ఉంటుంది. మన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరకే, 1951లో, మొదటి సవరణతో మాట మీద ఆంక్షలకి కారణాలు పెంచుకున్నాం. అమెరికా మొదటి సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తే, మన మొదటి సవరణ ప్రభుత్వానికి వెసులుబాటు ఇచ్చింది. మీ మేనల్లుడి భయం వట్టిది కాదు.

ఇక ఆదివారం సంగతి. నాకు మీవాడి మాట బాగా నచ్చింది. ఆదివారాన్ని విశ్రాంతి రోజుగా కాపాడాలన్నది జర్మనీలో 1919 నుంచీ రాజ్యాంగంలో ఉన్న మాట. క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ షాపులు తెరుచుకోవచ్చని బెర్లిన్ ఒక చట్టం తెస్తే, 2009లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది. కొనుక్కునేవాడికి ఆదివారం షాపు తెరిచి ఉండటం స్వేచ్ఛ, కౌంటర్‌లో నిలబడ్డ అమ్మాయికి అదే షాపు మూసి ఉండటం స్వేచ్ఛ. మన దగ్గర బట్టల షోరూముల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఆడపిల్లల్ని చూడండి. కస్టమర్లు లేని వేళ కూడా కూర్చోనివ్వని షాపులున్నాయి. కేరళలో కోళికోడ్ షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా తెచ్చింది. మీ పిల్లల వాదనలో ఈ సంగతి కూడా వేయండి.

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. జులై 4 ఉండగా జూన్ 19న ఇంకో స్వాతంత్ర్య దినం ఎందుకని మా తెలుగువాళ్లలో కొందరు అంటుంటారు. మా పాప స్కూల్లో నల్లజాతి టీచర్‌కి మాత్రం అదే అసలు పండగ. పాపకి ఏమని చెప్పాలి?
– ఒక తల్లి, టెక్సాస్

జవాబు: మీరు ఉంటున్న చోటికి ఈ పండగ పుట్టిన చోటు గంట ప్రయాణం. తప్పకుండా పాపని గాల్వెస్టన్ తీసుకెళ్లండి.

1776 జులై 4న "మనుషులందరూ సమానంగా పుట్టారు" అని రాసుకున్నప్పుడు అదే నేల మీద లక్షలమంది బానిసలుగా ఉన్నారు. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చినా, అంతర్యుద్ధంలో ఆయన సైన్యం అడుగుపెట్టని చోట అది కాగితం మీదే ఉండిపోయింది. టెక్సాస్ ఆ మూలన ఉంది. 1865 జూన్ 19న జనరల్ గ్రేంజర్ గాల్వెస్టన్‌లో దిగి ఉత్తర్వు ప్రకటించేదాకా అక్కడి దాదాపు రెండున్నర లక్షలమంది బానిసలుగానే బతికారు. ఆ ఉత్తర్వులో ఏముందో కూడా పాపకి చెప్పండి. అందరూ స్వేచ్ఛా మనుషులే అని ఒక పక్క అంటూనే, ఇంకో పక్క "మీరున్న చోటే నెమ్మదిగా ఉండి కూలికి పనిచేసుకోండి" అని సలహా ఇచ్చింది.

వాళ్లు ఆ సలహా వినలేదు. చాలామంది చేసిన మొదటి పని నడిచి వెళ్లిపోవడం. యజమాని చీటీ లేకుండా ఊరు దాటితే కొరడా దెబ్బలు తిన్న మనుషులు మరి. కొందరు పక్క ఊరి దాకా వెళ్లి మళ్లీ వచ్చేశారు. తరవాత అమ్ముడుపోయిన పిల్లల్ని, భర్తల్ని, తల్లుల్ని వెతుక్కున్నారు. పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు: ఫలానా యజమాని దగ్గర ఉన్నప్పుడు మా అమ్మని ఫలానా ఊరివాడికి అమ్మారు, తెలిసినవాళ్లు చెప్పండి అని. చదువు రానివాళ్ల కోసం చర్చిల్లో పాస్టర్లు వాటిని పైకి చదివేవారు. యుద్ధం ముగిసి ముప్ఫై, నలభై ఏళ్లయినా అలాంటి ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. బానిసల పెళ్లికి చట్టంలో విలువ లేదు కాబట్టి, మనవలున్న ముసలి జంటలు కూడా వెళ్లి పెళ్లి రిజిస్టర్ చేయించుకున్నారు. చాలా దక్షిణ రాష్ట్రాల్లో బానిసకి అక్షరం నేర్పడమే నేరంగా ఉండేది, అందుకని తాతలు మనవళ్ల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దారు.

అదే 1865 జనవరిలో ఇంకో సంగతి జరిగింది. చరిత్రలో ఇలాంటివి అరుదు. జార్జియాలోని సవానాలో యుద్ధశాఖ మంత్రి స్టాంటన్, జనరల్ షెర్మన్ కలిసి ఇరవైమంది నల్లజాతి మతపెద్దల్ని పిలిపించి, స్వేచ్ఛ అంటే మీరేమనుకుంటున్నారని సూటిగా అడిగారు. వాళ్ల తరఫున గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ల పాస్టర్ మాట్లాడాడు. 1000 డాలర్ల వెండి, బంగారం కట్టి తననీ, తన భార్యనీ తనే కొనుక్కుని విడిపించుకున్న మనిషి. బానిసత్వం అంటే ఒకడి చాకిరీని వాడి ఒప్పుదల లేకుండా బలవంతంగా తీసుకోవడం అన్నాడు. మా కష్టఫలం మేమే కోసుకోగలిగే చోట మమ్మల్ని ఉంచడమే స్వేచ్ఛ అన్నాడు. అందుకేం కావాలని అడిగితే భూమి కావాలన్నాడు. దున్నుకుని మా కాళ్ల మీద మేం నిలబడతాం అన్నాడు. నాలుగు రోజుల్లో షెర్మన్ తీరప్రాంతంలో కుటుంబానికి నలభై ఎకరాల దాకా పంచమని ఉత్తర్వు ఇచ్చాడు. ఏడాది తిరక్కుండానే కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములు పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు.

జనగామ వైపు పుట్టిన నాకు ఫ్రేజియర్ మాట చదివినప్పుడల్లా పాలకుర్తి ఐలమ్మ కళ్లముందు నిలబడుతుంది. ఆమె కౌలుకి తీసుకుని పండించిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, సంఘం వాళ్లని వెంటబెట్టుకుని ధాన్యం ఇంటికి చేర్చుకుంది. ఇద్దరిదీ ఒకటే లెక్క: నేను పండించింది నా ఇంటికి రావాలి.

మీ ఊళ్లోనే ఎమాన్సిపేషన్ పార్కు ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు చందాలు వేసుకుని, ఈ పండగ చేసుకోవడానికి తమదంటూ ఒక చోటు ఉండాలని 1872లో ఆ 10 ఎకరాలు కొన్నారు. 2021లో కేంద్రం సెలవు ప్రకటించేదాకా ఆగలేదు వాళ్లు. ఆ టీచర్‌ని ఒకసారి ఇంటికి భోజనానికి పిలవండి. నాకన్నా ఆమె బాగా చెబుతుంది.

ప్రశ్న: మాది అరకు దగ్గర గిరిజన గ్రామం. స్వీడన్‌లో ఎవరి అడవిలోకైనా ఎవరైనా వెళ్లి పళ్లు కోసుకోవచ్చని, రాత్రికి డేరా కూడా వేసుకోవచ్చని చదివాను. మా నాన్న అడ్డాకులు, కొండచీపుర్లు తెచ్చుకోవడానికే ఒకప్పుడు గార్డుని బతిమాలుకునేవాడు. అలాంటి చట్టం మనకీ వస్తే బాగుండదా?
– డిగ్రీ విద్యార్థి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: నువ్వు చదివింది నిజమే బాబూ. మా అమ్మాయి ఉప్సలాలో ఉన్నప్పుడు ఒక ఆగస్టులో నేనూ వెళ్లాను. ఊరి చివర బస్సు దిగి అడవిలోకి నడిచాం. కంచె లేదు, బోర్డు లేదు. మోకాలి ఎత్తు కూడా లేని పొదలు, వాటినిండా నల్లగా నీలంగా పళ్లు. ఒక పక్క దువ్వెనలాగా పళ్లున్న చిన్న డబ్బా అక్కడ అమ్ముతారు. దాన్ని పొదలో పెట్టి మెల్లగా పైకి లాగితే ఆకులు జారిపోయి కాయలు డబ్బాలో పడతాయి. చేతులూ పెదాలూ ఊదా రంగయ్యాయి. అడవి ఎవరిదని అడిగితే, పక్క ఊళ్లో ఒకాయనదని చెప్పింది మా అమ్మాయి. ఆయన్ని అడగక్కర్లేదు. ఇల్లున్న చోటికి దగ్గరగా పోకూడదు, పైరు తొక్కకూడదు, పచ్చికొమ్మ విరవకూడదు, తీసిన గేటు మళ్లీ వేయాలి. అంతే. తరతరాల ఆచారాన్ని 1994లో వాళ్ల రాజ్యాంగంలో కూడా రాసుకున్నారు. నార్వే 1957లోనే చట్టం చేసింది, స్కాట్లాండ్ 2003లో.

అక్కడ ఆ పొదల మధ్య నిలబడ్డప్పుడు నాకు మన్యం గుర్తొచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మీ తాతముత్తాతల పోడునీ, పుల్లల మోపునీ నేరం చేశారు. గూడెం ఘాట్ రోడ్డుకి కూలి ఎగ్గొట్టి చాకిరీ చేయించారు. 1922లో అల్లూరి వెంట గాం గంటందొర, గాం మల్లుదొర వంటివాళ్లు ఆయుధం పట్టింది అందుకే. మీ జిల్లాకి ఆయన పేరు పెట్టారు కానీ, ఆయన వెనక నడిచినవాళ్లు అడిగిన అడవి సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు.

అయినా స్వీడన్ చట్టాన్ని నువ్వు కోరుకోకూడదనే నా అభిప్రాయం. ఎందుకో అదే దేశంలోంచి చెబుతాను. స్వీడన్ ఉత్తరాన సామీలనే ఆదివాసులున్నారు. రెయిన్‌డీర్ మందల్ని కాస్తారు. వాళ్ల కొండల్లో చిన్న జంతువుల వేటకి, చేపలకి 1993లో ప్రభుత్వం అందరికీ తలుపులు తీసింది. నగరాల నుంచి వచ్చిన వేటగాళ్లకి అది స్వేచ్ఛ. సామీల మందలు కుక్కలకి బెదిరి చెదిరిపోయేవి. గిర్యస్ అనే సామీ సమాజం కోర్టుకెక్కింది. 2020 జనవరిలో స్వీడన్ సుప్రీంకోర్టు, ఆ ప్రాంతంలో వేట, చేపల అనుమతులు ఎవరికివ్వాలో తేల్చుకునే హక్కు సామీలదే, ప్రభుత్వానిది కాదు అని తీర్పు చెప్పింది. అందరికీ తెరిచిన అడవిలో మొదట నష్టపోయేది ఆ అడవిని నమ్ముకున్నవాళ్లే.

నీ ఊరికి దగ్గర్లోనే ఇలాంటిదే జరిగింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో వచ్చిన రెగ్యులేషన్‌ని మీరు 1/70 అంటారు. అనంతగిరి మండలంలో ప్రైవేటు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, 1997లో సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమిని కూడా అక్కడ గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదంది. మైదానం నుంచి వచ్చి రిసార్టు కట్టుకోవాలనుకునేవాడికి 1/70 తన స్వేచ్ఛకి అడ్డు. నీ ఊరికి అదే గోడ, అదే నీడ. కాబట్టి నువ్వు అడగాల్సింది అందరికీ తెరిచిన అడవిని కాదు, 2006 అటవీ హక్కుల చట్టం కింద మీ గ్రామసభకి రావాల్సిన సామూహిక హక్కు పత్రాన్ని. వ్యక్తిగత పట్టాల హడావుడిలో చాలా ఊళ్లు దీన్ని వదిలేశాయి. మీ ఊరికి ఆ పత్రం వచ్చిందా? రాకపోతే గ్రామసభ తీర్మానం పెట్టించు. డిగ్రీ చదివినవాడివి, దరఖాస్తు నువ్వే రాయి. రాశాక నాకు పంపితే చూసిపెడతాను.

ప్రశ్న: ఫ్రాన్సూ సెక్యులరే, మనమూ సెక్యులరే. మరి అక్కడ స్కూల్లో తలకి గుడ్డ కట్టుకోవద్దని చట్టం ఎందుకు?
– నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: ఫ్రాన్స్‌లో శతాబ్దాలపాటు బడి, పెళ్లి, చావు అన్నీ చర్చి గుప్పిట్లో ఉండేవి. దాని నుంచి విడిపించుకుని 1905లో చర్చినీ రాజ్యాన్నీ వేరుచేశారు. అందుకే వాళ్లకి మతం కనిపించని బడి అంటే పిల్లలకి ఇచ్చిన స్వేచ్ఛ. 2004 చట్టంతో ప్రభుత్వ స్కూళ్లలో హిజాబ్, సిక్కు తలపాగా, పెద్ద సిలువ అన్నీ తీసేయమన్నారు. మన రాజ్యాంగం దానికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉంది. ఆర్టికల్ 25 వివరణలోనే, కృపాణం ధరించడం సిక్కుల మతస్వేచ్ఛలో భాగం అని పేరుపెట్టి రాశారు. నేను మన రాజ్యాంగం వైపే. గుడ్డ తీయనందుకు ఒక పిల్లని బడి గేటు బయట నిలబెడితే, ఆ పిల్లకి పోయేది చదువు. విడిపించాలనుకున్నది ఎవరినో ఆ పిల్లనే శిక్షించడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు మేడం. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మా బాబాయి ఒప్పుకోవడం లేదు. "ఎవరికి వాళ్లు బతకడం వెస్టర్న్ వాళ్ల స్వేచ్ఛ, మన సంస్కృతిలో స్వేచ్ఛ అంటే కుటుంబం, బాధ్యత" అంటున్నాడు. నాన్న ఏమీ మాట్లాడటం లేదు. జాయినింగ్ డేట్ దగ్గరపడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఒక్కో సంస్కృతికి ఒక్కో స్వేచ్ఛ అని మీరే అంటారు కదా, మరి బాబాయి మాట తప్పెలా అవుతుంది?
– పేరు రాయవద్దన్నారు, నరసరావుపేట

జవాబు: మంచి ప్రశ్న అడిగావు తల్లీ. ఇన్ని జవాబుల్లోనూ నేను చెబుతూ వచ్చిన దానికి ఇదే గట్టి పరీక్ష.

మీ బాబాయి మాటలో నిజం లేకపోలేదు. పైన టెక్సాస్ సంగతి చదువు. బానిసత్వం వదిలిన మనుషులు ముందు వెతుక్కున్నది అమ్మానాన్నల్నే. కుటుంబంతో ఉండగలగడం వాళ్లకి స్వేచ్ఛ. కానీ ఎవరితో ఉండాలో, ఎక్కడ ఉండాలో తేల్చుకున్నది వాళ్లే.

ఇదే వాదన 1994లో చాలా పెద్ద మనుషుల మధ్య నడిచింది. సింగపూర్‌ని నిలబెట్టిన లీ క్వాన్ యూ ఒక అమెరికన్ పత్రిక ఇంటర్వ్యూలో, పాశ్చాత్యుల పద్ధతులు తూర్పు ఆసియాకి అతకవు, మా సమాజానికి పునాది కుటుంబం అన్నాడు. అదే పత్రికలో దానికి జవాబు రాసింది ఇంకో ఆసియా మనిషి, దక్షిణ కొరియా ప్రతిపక్ష నాయకుడు కిమ్ డే జుంగ్. సైనిక పాలకులు టోక్యో హోటల్లోంచి ఎత్తుకుపోయారు ఆయన్ని, 1980లో మరణశిక్ష కూడా వేశారు. ఆయన అమెరికా పుస్తకాల్ని ఆసరా తెచ్చుకోలేదు. ధర్మం తప్పిన రాజుని దించే హక్కు ప్రజలకుందని మా తూర్పు ఆసియా ప్రాచీన తత్వవేత్త మెన్షియస్ ఎప్పుడో చెప్పాడన్నాడు. మనిషే స్వర్గం అని బోధించిన కొరియా తోంగ్‌హాక్ ఉద్యమం పేరు చెప్పాడు. సంస్కృతిలో రాజు మాటే కాదు, రాజుకి ఎదురుతిరిగినవాళ్ల మాట కూడా ఉంటుందన్నమాట. 1998లో ఆయనే ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు.

ఇక మా ఇంటి సంగతి. మాది కుమ్మరి కుటుంబం. దొర ఉండే గడీలో పెళ్లయినా, చావైనా, పండగైనా కుండలు, గురుగులు, కాగులు మా నాయనమ్మ వాళ్లు ఊరికే పంపాలి. గడీ ముందుకు రాగానే చెప్పులు చేతికి తీసుకోవాలి. "బాంచెన్ దొరా, కాల్మొక్తా" అని నిలబడాలి. ఇచ్చిన కుండ పగిలితే తిట్లు, ఇంకో కుండ. దొరని అడిగితే ఇది ఊరి ఆనవాయితీ అనేవాడు, ఎవరి పని వాళ్లు చేసుకుంటే ఊరు చల్లగుంటదనేవాడు. ఆ ఆనవాయితీ గురించి నాయనమ్మని ఎవరూ అడగలేదు. వెట్టి పోయాక ఆమె జనగామ అంగడికి కుండలు తీసుకెళ్లేది. నాకు బాగా గుర్తు, కొనేవాళ్లు బేరం మొదలుపెట్టగానే కుండని ఎడమ చేతి మీద ఎత్తి, కుడి చేతి వేలి ముడితో కొట్టేది. ఖంగుమని మోగేది. "ఇనబడ్డదా? ఇగ ధర నేను చెప్త" అనేది. ఇష్టం లేకపోతే అమ్మేది కాదు, గంపలో పెట్టుకుని తిరిగొచ్చేది. మా తాత కోప్పడితే, అమ్మకపోవుడు సుత నా ఇష్టమే కదా అనేది. అంగట్లో ఆ వేలి ముడి చప్పుడు విని పెరిగినదాన్ని కాబట్టి, "మన సంస్కృతిలో స్వేచ్ఛ అంటే ఇది" అని ఎవరన్నా అనగానే నాకు ఒకటే సందేహం వస్తుంది: ఈ మాట అంటున్నది గడీలో కూర్చున్నవాళ్లా, గడీ ముందు చెప్పులు చేతపట్టుకున్నవాళ్లా?

1927లో మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువులో నీళ్లు దోసిట పట్టి తాగినప్పుడు, అడ్డుపడ్డవాళ్లు కూడా ఆచారం పేరే చెప్పారు. ఊరి చెరువులో పశువులు తాగొచ్చు, దళితులు తాగకూడదు. ఆ చెరువు ఊరి సంస్కృతే, ఆ దోసిలి కూడా ఊరి సంస్కృతే.

మీ బాబాయి దొర అనడం లేదు నేను. నీ మీద ప్రేమ ఉండే ఉంటుంది, భయమూ ఉంటుంది. కానీ మీ ఇంట్లో బాధ్యత అనే మాట ఎవరెవరికి వర్తిస్తోందో చూడు. ఇదే ఉద్యోగం మీ తమ్ముడికో, బాబాయి కొడుక్కో వస్తే బాధ్యత పేరుతో ఆపుతారా? ఆపరు కదా. అప్పుడది మీ సంస్కృతి చెప్పిన స్వేచ్ఛ కాదు, నీ ఒక్కదానికి పెట్టిన హద్దు.

ఇప్పుడు చేయాల్సిన పని. బాబాయితో వాదన ఆపెయ్. నాన్నతో ఒంటరిగా కూర్చో. ఆయన మౌనాన్ని కాదనడం అనుకోకు, అడిగితే గానీ తెలియదు. అమ్మని కూడా అడుగు, నీ వయసులో తను ఏం చేయాలనుకుందో. హాస్టల్ అడ్రసు, ఆఫీసు క్యాబ్ వివరాలు కాగితం మీద రాసి ఇవ్వు. మొదటిసారి వెళ్లేటప్పుడు నాన్నని వెంట తీసుకెళ్లి, నువ్వుండబోయే గది చూపించు. జాయినింగ్ డేట్ మాత్రం వాయిదా వేయించుకోవద్దు. ఒకసారి వాయిదా పడ్డ ఉద్యోగాలు ఆడపిల్లలకి తిరిగి రావడం నేను తక్కువ చూశాను.

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పంద్రాగస్టుకి పిల్లలు ప్రతి ఏడూ అవే ఉపన్యాసాలు బట్టీపట్టి చెబుతున్నారు. ఈసారి కొత్తగా ఏం చేయించొచ్చు?
– సిరిసిల్ల

జవాబు: ఉపన్యాసాలు ఆపించండి సార్. తొమ్మిదో తరగతి పిల్లలకి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, వాడకట్టులో డెబ్బై దాటిన ఒక మనిషి దగ్గరికి పంపండి. ఒకటే ప్రశ్న అడగమనండి: మీ చిన్నప్పుడు మీకు చేయాలనున్నా చేయనివ్వనిది ఏంటి, ఎవరు చేయనివ్వలేదు? బాయి దగ్గరికి రానివ్వలేదని ఒకరంటారు, బడికి పంపలేదని ఒకరు, నేసిన బట్ట కట్టుకునే స్తోమత లేకపోయిందని మీ ఊళ్లో ఎవరో తప్పకుండా అంటారు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల యాసలోనే రాసుకోమనండి, దిద్దొద్దు. జెండా ఎగరేశాక మైకులో అవే చదివించండి. వీలైతే ఆ పెద్దవాళ్లని పిలిచి ముందు వరుసలో కుర్చీలు వేయించండి. తరవాత ఆ నోటుపుస్తకాలు జిరాక్స్ తీయించి నాకు పంపండి, అక్టోబరు సంచికలో కొన్ని వేస్తాం.